ఆఫీసు రోజుల్లో మింగని మాత్ర

నాకు బీపీ ఉందని తెలిసిన రోజు పెద్దగా భయపడలేదు. నలభై మూడేళ్ల వయసు, పదహారేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్‌లో సగం మంది డ్రాయర్లలో ఆ మాత్రలే ఉంటాయి. నిజాంపేటలో మా ఇంటి దగ్గరి డాక్టరుగారు, ఈ ఊరివారే, పెద్దాయన, రెండు మందులు కలిసిన ఒకే మాత్ర రాసిచ్చారు. ఒకటి రక్తనాళాలను వదులు చేస్తుందట. రెండోది ఒంట్లోని ఉప్పునూ నీటినీ మూత్రంలో బయటికి పంపిస్తుందట. ఆ రెండోదే నా కొంప ముంచింది.

మా ఆఫీసు కోకాపేటలో. వారానికి నాలుగు రోజులు కంపెనీ బస్సులో గంటన్నర ప్రయాణం. మందు మొదలుపెట్టిన వారంలోనే ఒక వాన పొద్దున బస్సు గచ్చిబౌలి దగ్గర కదలకుండా నిలబడిపోయింది. ఎంతసేపని ఉగ్గబట్టుకోను? డ్రైవరును బతిమాలి దిగి, తడుస్తూ పక్కనున్న ఆఫీసు టవర్‌కి పరిగెత్తాను. "ఐడీ కార్డు లేకుంటే లోపలికి పోనియ్యం మేడమ్" అన్నాడు గేటు దగ్గర సెక్యూరిటీ. ఎందుకొచ్చానో చెప్పడానికి నోరు రాలేదు. చెప్పే ధైర్యం వచ్చేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే వానకు నిలువెల్లా తడిసి ఉన్నాను కాబట్టి ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ఆ మర్నాటి నుంచి ఆఫీసు రోజుల్లో మాత్ర మానేశాను. మా ఆయన రోజూ కాఫీకి ముందు మాత్రా మంచినీళ్లూ చేతికిచ్చేవారు. ఆ పని తనంతట తనే నెత్తిన వేసుకున్నారు. నేను మాత్రను నాలుక కింద దాచి, నీళ్లు తాగి, వాష్‌బేసిన్‌లో ఉమ్మేసేదాన్ని. ఇంటి నుంచి పనిచేసే శుక్రవారం, ఆపై శని, ఆదివారాలు బుద్ధిగా మింగేదాన్ని. మూడు రోజులు వేసుకుంటున్నాను కదా, ఆ మాత్రం చాలదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చేసేది టెస్టింగ్ లీడ్ ఉద్యోగం. నా కింద ఎవరైనా నాలుగు రోజుల టెస్టులు ఎగ్గొట్టి అంతా బాగుందని రిపోర్టిస్తే కడిగిపారేసేదాన్ని.

మూడు నెలలకోసారి, గురువారం సాయంత్రం, ఇద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్లేవాళ్లం. బీపీ ప్రతిసారీ ఎక్కువే. "రోజూ ఏస్కుంటున్నవా అమ్మా?" అని ఆయన అడిగితే, నేను నోరు విప్పేలోపే మా ఆయన "రోజూ నేనే ఇస్తానండి, ఒక్క పూట కూడా తప్పలేదు" అనేవారు. ఎంత గర్వంగా అనేవారో! డాక్టరుగారు డోసు పెంచారు. మరోసారి మూడో మందు కలిపారు. నేను తల ఊపి చీటీ తీసుకున్నాను.

ఏడాదిన్నర అలాగే గడిచింది. మొన్న వర్షాలకు ఆఫీసువాళ్లు వారమంతా ఇంటి నుంచే పనిచేయమన్నారు. ఏడు రోజులూ అన్ని మాత్రలూ నిజాయితీగా మింగాను. ఎనిమిదో రోజు పొద్దున మంచం దిగి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మి, తలుపుకు కొట్టుకుని పడ్డాను. నుదురు చిట్లింది. మా ఆయన ఆటోలో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు.

డాక్టరుగారు రెండుసార్లు బీపీ చూసి, పాత చీటీలు తిరగేశారు. "గీ మందులకే అప్పుడు గంత ఎక్కువుండె. ఇప్పుడేమో గిట్ల పడిపోయింది. జర నిజం చెప్పమ్మా."

"రోజూ నేనే ఇస్తానండీ..." అంటూ మా ఆయన మొదలుపెట్టారు.

"మీరు ఆగుండ్రి సార్."

చెప్పేశాను. బస్సు, వాన, సెక్యూరిటీ, వాష్‌బేసిన్, అన్నీ. మా ఆయన వైపు చూడలేకపోయాను. డాక్టరుగారు తిట్టినా బాగుండేది. "నీళ్ల మందు లేని మాత్రలున్నయ్. ఒక్క మాట చెప్తే మార్చిచ్చేటోణ్ణి కదమ్మా" అన్నారు. అంతే, రెండు నిమిషాల పని. దానికి సిగ్గుపడి ఏడాదిన్నర దొంగలా బతికాను.

మర్నాడు మూత్రపరీక్షలో ప్రొటీన్ పోతోందని తేలింది. ఇన్నాళ్లూ బీపీ అదుపులో లేక కిడ్నీలు దెబ్బతినడం మొదలైందని, ఇక ఒక్క రోజు కూడా మందు తప్పకూడదని డాక్టరుగారు చెప్పారు. కొత్త చీటీ, రిపోర్టు తీసుకుని బయటికొచ్చాం.

మెట్ల దగ్గర మా ఆయన ఆగారు. "ఇంకేమైనా దాచావా?"

"ఏమీ లేదండీ. మీ మీద ఒట్టు."

ఈసారి నిజమే చెప్పాను. ఆయన నా చేతిలోని రిపోర్టు తీసుకుని, నేను చెప్పింది నిజమో కాదో డాక్టరుగారిని అడగడానికి మళ్లీ లోపలికి వెళ్లారు.