రెండు నిమిషాలక్క

ఆ పేరు పెట్టింది నేనే. మెచ్చుకుని పెట్టింది కాదు, ఒళ్లు మండి పెట్టింది.

పళ్ల డాక్టరుగా నేను ఈ క్లినిక్ తీసుకుని ఆరేళ్లయింది. అంతకుముందున్న పెద్ద డాక్టరుగారు పాత కుర్చీతో, ఎక్స్‌రే మిషనుతో పాటు ఆవిడను కూడా నాకు అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. పేషెంటు పక్కన నిలబడి నాకు పనిముట్లు అందించడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. అంటే నేను స్కూల్లో అల్లరి చేస్తున్న రోజుల్లోనే ఆవిడ ఇక్కడ నిలబడి ఉందన్నమాట. ఆ సంగతి నోటితో ఎన్నడూ అనలేదు గానీ, చూపుతో రోజుకు పదిసార్లు గుర్తుచేసేది.

ఆవిడకో పద్ధతి ఉంది. మత్తు మందు చిటికెన వేలంత గాజు గొట్టంలో వస్తుంది. ఎండలకు పాడవుతుందని గదిలోని చిన్న ఫ్రిజ్‌లో పెడతాం. ఇంజక్షన్ అనగానే ఆవిడ ఒక గొట్టం తీసి ఎడమ గుప్పిట్లో బిగించేది. కుడిచేత్తో చిగుళ్లు దూదితో తుడిచి, పైపైన మొద్దుబారడానికి జెల్లు రాసేది. తర్వాత గోడ గడియారం వంక చూస్తూ కదలకుండా నిలబడేది.

“రెండు నిమిషాలు సార్.”

చల్లటి మందు లోపలికి పోతే మంట ఎక్కువట. జెల్లు పట్టకముందే గుచ్చితే రాసినా రాయనట్టేనట. నేనూ చదువుకున్నవే, కాదనలేను. కానీ బయట బెంచీ మీద పదకొండు మంది. పొద్దున తొమ్మిదింటికి వంగిన నడుము మధ్యాహ్నం రెండైనా నిటారు కాదు. మనిషికి రెండు నిమిషాల చొప్పున రోజుకు అరగంట పోతుంది. ఆ అరగంటలో కాస్త వేడివేడిగా టీ తాగొచ్చు, ఇంటికి త్వరగా పోవచ్చు. ఆవిడకు అవేవీ పట్టవు.

సూది గుచ్చేటప్పుడు నేను అందరితో అనే మాట ఒకటే. “చీమ కుట్టినట్టుంటుంది, అంతే.” ఆవిడ దాన్ని సాగనిచ్చేది కాదు. సూది మీదకు ధ్యాస పోకుండా పేషెంటు చెంప పట్టుకుని మెల్లగా కదుపుతూ, “నొప్పి ఉంటుందమ్మా. పది లెక్కపెట్టేలోపు తగ్గుతుంది. తగ్గకపోతే చెయ్యెత్తు, సార్ ఆపేస్తారు” అనేది. ఆపేస్తానని నా తరఫున ఆవిడే మాటిచ్చేసేది! నేను మందు గబగబా తోస్తుంటే “మెల్లగా సార్” అని గొణుగుడు ఒకటి.

ఒకరోజు విసుగెత్తి అడిగాను. “అందరి నొప్పీ మీకెందుకక్కా?”

“మా ఆయన్ని ఈ కుర్చీ ఎక్కించలేకపోతున్నా సార్,” అంది.

ఆయన చిన్నప్పుడు ఎవరో ఇద్దరు భుజాలు అదిమిపట్టి, ఏమీ ఉండదని చెప్పి నోట్లో సూది పొడిచారట. అప్పటి నుంచి పళ్ల డాక్టరు బోర్డు కనబడితే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు. బస్సు నడిపే మనిషి, ఎంత ట్రాఫిక్‌కైనా బెదరడు. భార్య పళ్ల క్లినిక్‌లో పనిచేస్తుంటే తను మాత్రం పుచ్చిన దవడ పన్నును లవంగాలతో నెట్టుకొస్తున్నాడు.

పోయిన నెల ఆ దవడ మూడోసారి వాచింది. ఒంట్లో షుగరు కూడా ఉంది. నేను ఆవిడ చేతికే మందులు రాసిచ్చి, వాపు తగ్గగానే పన్ను తీసేయాలన్నాను. ఇంకా వాయిదా వేస్తే చీము మెడలోకి దిగి ఊపిరికే అడ్డం రావచ్చని దాచకుండా చెప్పాను.

“రెండుసార్లు మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయారు సార్. ఈసారి కుర్చీలోంచి లేచారంటే ఇక చచ్చినా రారు,” అంది ఆవిడ.

వారానికి వచ్చాడు. చొక్కా గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని, పరీక్షకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. కూర్చోగానే ఆవిడ ఎడమచేయి అందుకున్నాడు. ఇక వదల్లేదు. ఆవిడ ఒంటిచేత్తోనే చిగుళ్లు తుడిచింది, జెల్లు రాసింది, ఫ్రిజ్‌లోంచి మందు గొట్టం తీసి నా చేతిలో పెట్టింది.

గొట్టం మంచుగడ్డలా ఉంది.

ఆరేళ్లలో ఇదే మొదలు. ఆవిడకూ అప్పుడే తెలిసింది, ముఖం పాలిపోయింది. ఆ గుప్పిట మొగుడి చేతిలో ఉంది మరి. “రెండు నిమిషాలు సార్” అంటుందని ఎదురుచూశాను. నోరు మెదపలేదు. తలుపు సందులోంచి బెంచీ వైపు చూసింది, నా వైపు చూసింది, తల దించుకుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం రోజూ నాతో పేచీ పెట్టుకునే మనిషికి, సొంత మొగుడి కోసం అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. నాకు సిగ్గేసింది. ఆవిడ నోరు నొక్కింది నా ఆరేళ్ల విసుగే.

గ్లవ్స్ విప్పి, గొట్టాన్ని గుప్పిట్లో బిగించి స్టూలు మీద కూర్చున్నాను.

“రెండు నిమిషాలక్కా,” అన్నాను.

చలి వేళ్ల ఎముకల దాకా పాకింది. ఎడమచేతి వేళ్లు పట్టేస్తున్నాయని ఆవిడ అన్నప్పుడల్లా వయసు మీద పడుతోందని నవ్వేవాణ్ణి. అది గుర్తొచ్చి గడియారం వైపు చూశాను. ముల్లు కదలనే కదలదు. బయట ఎవరో దగ్గారు, ఇంకెవరో లేచి తలుపు దాకా వచ్చి వెళ్లారు. ఆవిడ మాత్రం నా గుప్పిటనే చూస్తోంది.

గొట్టం గోరువెచ్చనయ్యాక చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని, గొట్టం తుడిచి సిరంజిలో పెట్టాను. చీమ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“నొప్పి ఉంటుందండీ. పది లెక్కపెట్టేలోపు తగ్గుతుంది. తగ్గకపోతే చెయ్యెత్తండి, ఆపేస్తాను.”

చెంప నేనే కదిపాను. మందు చుక్కచుక్కగా తోశాను. ఆయన కాళ్లు బిగుసుకున్నాయి. లెక్క ఆవిడ పెట్టింది. పది దాటింది. ఆయన చెయ్యి లేవలేదు.

పావుగంటలో పన్ను ట్రేలో పడింది.

“నొప్పేసిందా?” అని అడిగాను.

“వేసింది,” అన్నాడు దూది కరిచిపట్టుకునే. “ఈవిడ ఇంట్లో చెప్పినంతే.”

ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చి ఆవిడ ట్రే కడుగుతోంది. కడిగిందే మళ్లీ కడుగుతోంది.

“కాసేపు కూర్చోండక్కా,” అన్నాను.

“ఇప్పుడు కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేను సార్,” అంటూ మోచేత్తో కళ్లు తుడుచుకుని, తర్వాతి పేషెంటును పిలిచింది. ఆవిడ ఎడమచేయి ఫ్రిజ్ వైపు వెళ్లేలోపే నేను దాని తలుపు తెరిచి ఇంకో గొట్టం నా గుప్పిట్లోకి తీసుకున్నాను.