చీర ఆరేలోపు

వానాకాలంలో సగం ఆరిన బట్టల వాసన తగిలితే బంటుమిల్లిలోని మా పెరడు గుర్తొస్తుంది. ఇంట్లో గడియారం ఉన్నా ఆడవాళ్లు సమయాన్ని ఆరడంతోనే చెప్పుకునేవారు. తల ఆరాక జడ, కళ్లాపి ఆరకముందే ముగ్గు.

నా ఏడో ఏట ఒక ఉదయం అమ్మ తన చీర ఉతికి దండెం మీద ఆరేసి, నాన్నతో బందరు ఆస్పత్రికి బయలుదేరింది. నేను కొంగు పట్టుకుని ఏడ్చాను.

"ఊరుకోవే పిచ్చిదానా. ఆ చీర ఆరేలోపు వచ్చెయ్యనూ?" అంది.

మధ్యాహ్నానికి చీర అంచులు ఆరిపోతున్నాయి. అమ్మ రాలేదు. చీర మొత్తం ఆరితే ఇక రాదేమోనని భయమేసింది. చెంబుతో నీళ్లు తెచ్చి తడిపాను. కాసేపాగి మళ్లీ తడిపాను.

సాయంత్రం నాన్న ఒక్కడే వచ్చాడు. వాకిట్లో నాయనమ్మతో ఏదో చెప్పి, వెంటనే తిరిగి వెళ్లాడు. నాయనమ్మ చాలాసేపటికి పెరట్లోకి వచ్చి చీర పట్టుకు చూసింది.

"ఏమే, ఇంకా ఆరలేదేంటి?"

"అమ్మ వచ్చేదాకా ఆరనివ్వను నాయనమ్మా."

తిడుతుందనుకున్నాను. ఆమె నా చేతిలో చెంబు తీసుకుని, తొట్టిలో ముంచి, నాకందని పైభాగం మీద నీళ్లు పోసింది.

అమ్మకు ఇంకాస్త సమయం దొరికిందని సంతోషించాను. అమ్మ ఇక రాదని నాయనమ్మకు అప్పటికే తెలుసు.