లిఫ్టన్నయ్య జేబులో ఫ్యూజు

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఇందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది, దాన్ని దాచే ఉద్దేశం నాకు లేదు.

నాది జెరాక్సు, బైండింగు దుకాణం. కింద మిషన్లు. పైన ఒక గది, అందులో కాగితాల కట్టలు, రెండు బెంచీలు, ఒక నల్లబల్ల. ఆదివారం సాయంత్రం నాలుగింటికి సైన్స్ ఫిక్షన్ పిచ్చి ఉన్నవాళ్ళం ఓ పదిమందిమి అక్కడ చేరతాం. ఇరవై ఏళ్ళ కిందట పట్టిన పిచ్చి, ఇంకా దిగలేదు. నెలకో కథ ఎంచుకుంటాం, చదువుతాం, దాని మీద కొట్టుకుంటాం. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా ఎవరికీ వినపడదని ఒక పద్ధతి పెట్టుకున్నాం. నా దుకాణంలోని పెద్ద స్టాప్లరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి. నేను ఆ మాటలన్నీ రాసుకుని, నెలాఖరుకి నాలుగు పేజీల చర్చాపత్రం వేసి పంచుతాను.

లిఫ్టన్నయ్య మాలో చేరి పద్దెనిమిదేళ్ళు. లిఫ్టులు బాగుచేసే పని కాబట్టి ఆ పేరు. ఊళ్ళో పాత లిఫ్టుల్లో సగం ఆయన చెయ్యి పడ్డవే. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు. మోటారు గదుల్లో నిలబడి పుస్తకాలు చదివేవాడు. ఆయన పుస్తకాలు బైండింగుకి వస్తే పేరు చూడనక్కర్లేదు, ప్రతి పేజీ మూలా నల్లటి బొటనవేలి ముద్ర ఉండేది. “అన్నయ్యా, చేతులు కడుక్కుని చదవచ్చుగా” అంటే, “కడుక్కునే లోపు కథ చల్లారిపోతుందమ్మా” అనేవాడు.

ఏ కథ తీసుకున్నా మా గొడవ చివరికి ఒకేచోట తేలేది. జరిగేదంతా ముందే రాసి ఉందా, లేక మన చేతిలో ఏమైనా ఉందా? లెక్కల మాస్టారు స్టాప్లరు అందుకుని, విశ్వం పుట్టిన క్షణంలోనే ఒక్కో అణువూ ఎటు పోవాలో తేలిపోయిందనీ, దేవుడూ లేడు, మన ఇష్టమూ లేదనీ తేల్చేసేవారు. దర్జీ ఒప్పుకునేవాడు కాదు. “దేవుడు గుడ్డ ఇచ్చాడు, కత్తెర నా చేతిలో పెట్టాడు. జాకెట్టు పాడైతే తిట్లు తినేది నేనే కదండీ, ఆయన కాదు కదా” అనేవాడు. నా మాట ఎప్పుడూ ఒకటే. రాసేవాడు లేడు, రాసిందీ లేదు, చేసినవాడిదే బాధ్యత.

లిఫ్టన్నయ్య మాత్రం తలరాత మనిషి. పనిలోకి దిగే ముందు కళ్ళు మూసుకుని దండం పెట్టుకోనిదే స్క్రూడ్రైవరు ముట్టడు. కాలంలో వెనక్కి ప్రయాణం చేసే కథలంటే ప్రాణం, కానీ ఒక షరతు. వెనక్కి వెళ్ళినవాడు ఎంత గింజుకున్నా జరిగింది జరిగినట్టే ఉండాలి. కథలో ఎవడైనా వెనక్కి వెళ్ళి చావబోయే మనిషిని కాపాడాడా, ఇంక ఆ రచయిత పని అయిపోయినట్టే. “మోసం. చదివేవాళ్ళని మోసం చెయ్యడం ఇది” అని పుస్తకం బెంచీ మీద పడేసేవాడు. అంత నెమ్మది మనిషికి ఒక్క ఈ విషయంలోనే అంత కోపం ఎందుకని మేం నవ్వుకునేవాళ్ళం.

నేను ఆయన్ని ఆటపట్టించడానికి ఒక దారి ఉండేది. లిఫ్టు మీద మనిషి ఎక్కి పని చేసేటప్పుడు కింద మెయిన్ స్విచ్చి ఆపి, “మనుషులు పనిలో ఉన్నారు” అని బోర్డు తగిలిస్తారు. అది చాలదు. స్విచ్చి పక్కనున్న ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి. ఫ్యూజు మన జేబులో ఉంటే ఎవడు స్విచ్చి వేసినా లిఫ్టు కదలదు. లిఫ్టన్నయ్య ఫ్యూజు తీసి, చొక్కా జేబులో వేసి, గుండీ పెట్టి, పైనుంచి మూడుసార్లు తడిమి చూసుకునేవాడు. ఒకసారి మా వీధిలోనే చూశాను. ఇంక ఊరుకుంటానా? “అన్నయ్యా, అంతా రాసిపెట్టి ఉంటే ఫ్యూజు జేబులో ఎందుకు? రాసిన ఆయన చూసుకుంటాడుగా” అని ప్రతి రెండు ఆదివారాలకోసారి పొడిచేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఆయన తల వంచుకుని పుస్తకం తిరగేసేవాడు. ఆ మాట నా చర్చాపత్రంలో ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పదకొండేళ్ళ కిందట ఆయన బావమరిది, అంటే అన్నయ్య భార్య, మా వదినకి సొంత తమ్ముడు, లిఫ్టు పనిలోనే పోయాడు. బావా బావమరుదులు ఇద్దరూ కలిసి పని చేసేవాళ్ళు. ఒక పాత భవనంలో అతను లిఫ్టు కప్పు మీద నిలబడి తాళ్ళకి నూనె పెడుతున్నాడు. అన్నయ్య పైన మోటారు గదిలో ఉన్నాడు. లిఫ్టు రావట్లేదని ఎవరో కేకలేస్తే, కింద వాచ్‌మన్ వెళ్ళి స్విచ్చి వేశాడు. లిఫ్టు పైకి లేచింది. అతనికి ముప్పై ఒక్క ఏళ్ళు.

మేమందరం వెళ్ళాం. అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వదిన ఏడ్చి ఏడ్చి లేచి, అందరూ వింటుండగా ఆయన దగ్గరికి వచ్చి, “మీ తప్పేం లేదండీ. వాడికి అంతే రాసిపెట్టి ఉంది” అంది. అప్పటికే తలరాతని నమ్మేవాడు, ఆ రోజు నుంచి దాన్ని పట్టుకుని వేలాడాడు. మాకు తెలిసింది ఇంతే.

అసలు విషయానికి వస్తాను. ఆ నెల మా కథలో ఒక అంతరిక్ష నౌక ఉంది. అందులో ఒక యంత్రం ఎవరు ఏ రోజు పోతారో చెబుతుంది. మొక్కలు పెంచే ఒకావిడ తన రోజు తెలుసుకోకుండానే బతుకుతానంటుంది. ఆవిడ చేసింది ధైర్యమా, పిరికితనమా అని మేం వాదించుకుంటున్నాం. నాలుగున్నరకి మెట్ల మీద చప్పుడైంది. చూస్తే వదిన. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ మా గది గడప తొక్కడం అదే మొదలు. లిఫ్టన్నయ్య దిగ్గున లేచాడు.

“నువ్వెందుకొచ్చావు ఇక్కడికి?” అన్నాడు.

“మీరు నాతో మాట్లాడరు, వీళ్ళతోనైనా మాట్లాడతారని” అంది వదిన. తర్వాత మా వైపు తిరిగింది. “ఈయన గుండెలో కవాటం ఒకటి పాడైంది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. వచ్చే మంగళవారం చేస్తామన్నారు, ఈ సాయంత్రం ఆరింటిలోపు ఒప్పుకుంటున్నామని చెప్పాలి. అది దాటితే మళ్ళీ మూడు నెలలకి. మూడు నెలలు ఆగే గుండె కాదట. చేయించుకుంటే బతుకుతారు అంటున్నారు డాక్టర్లు. ఈయనేమో రాసి ఉంటే బతుకుతాను, లేకపోతే లేదు అంటున్నారు. మీరంతా చదువుకున్నవాళ్ళు. చెప్పండి ఈయనకి.”

మాకెవరికీ ఆ సంగతి తెలీదు. ఇప్పుడు మామూలు మనుషులైతే ఏం చేస్తారు? లే అన్నయ్యా, పద ఆస్పత్రికి, అని చెయ్యి పట్టుకు లాగుతారు. మేం అలా చెయ్యలేదు. మాస్టారు గొంతు సవరించుకుని స్టాప్లరు వదిన చేతిలో పెట్టి, “మీ వాదన అయిందా అమ్మా?” అన్నారు. అయిందంటే తిరిగి తీసుకుని మొదలుపెట్టారు. ఆపరేషన్‌కి ఒప్పుకోవడం కూడా ముందే తేలిపోయి ఉండొచ్చు కదా, కాబట్టి తలరాతని నమ్మినవాడు కూడా ఆస్పత్రికి వెళ్ళొచ్చు. దర్జీ మళ్ళీ తన కత్తెర మాట ఎత్తుకున్నాడు. ఇంకొకాయన మా కథలోని మొక్కలావిడ దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్కళ్ళూ ఉత్సాహంగా మాట్లాడారు. ఇరవై ఏళ్ళుగా పుస్తకాల్లో వెతుక్కుంటున్న ప్రశ్న నడిచొచ్చి బెంచీ మీద కూర్చుంది మరి. నేనేం చేశానో తెలుసా? రాసుకుంటూ కూర్చున్నాను. ఈ నెల పత్రం బ్రహ్మాండంగా వస్తుందని కూడా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అయిదుంబావు అయింది. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరి మొహాలూ చూస్తూ కూర్చుంది. లిఫ్టన్నయ్య నేల చూపులు చూస్తున్నాడు. స్టాప్లరు నా చేతికొచ్చింది. నాకు అప్పటికే ఒళ్ళు మండుతోంది, ఆయన మీద.

“చూడు అన్నయ్యా,” అన్నాను, “నీకు తలరాతా లేదు, నా మొహమూ లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ లిఫ్టు కోసం ఫ్యూజు తీసి జేబులో వేసుకుని మూడుసార్లు తడుముకుంటావు. అంటే ఏంటి? ఫ్యూజు తీస్తే మనిషి బతుకుతాడని, తియ్యకపోతే చస్తాడని నీకు బాగా తెలుసు. తెలిసీ నీ గుండె దగ్గరికి వచ్చేసరికి దేవుడి మీదకి తోసేస్తున్నావు. అది భక్తి కాదు, మొండితనం.”

ఎవరూ నవ్వలేదు. లిఫ్టన్నయ్య తలెత్తి నన్ను చూశాడు. స్టాప్లరు నా చేతిలోనే ఉన్నా, మొట్టమొదటిసారి పద్ధతి తప్పి మాట్లాడాడు.

“చావు ఆపొచ్చని ఒప్పుకుంటే, ఆ రోజు వాడి చావు కూడా ఆపొచ్చనే కదా చెల్లెమ్మా.”

అప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. వాచ్‌మన్ వేశాడు కదా స్విచ్చి, నువ్వేం చేస్తావు, అనబోయాను. ఈలోగా వదిన లేచి వెళ్ళి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది.

“ఫ్యూజు మీరు తియ్యలేదు” అంది. “నాకు తెలుసు.”

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

“వాడు పోయిన రెండు వారాలకి నేను ఆ భవనానికి వెళ్ళాను. వాచ్‌మన్‌ని అడిగాను. బోర్డు ఉందిగానీ మొన్నటిది తియ్యడం మర్చిపోయారనుకున్నానమ్మా, ఫ్యూజు ఉన్నచోటే ఉంది, స్విచ్చి వెయ్యగానే కదిలింది అన్నాడు. అందరూ అతన్నే తిట్టారు. ఫ్యూజు సంగతి ఎవరూ అడగలేదట.”

“రెండు నిమిషాల పని అనుకున్నాను” అన్నాడు లిఫ్టన్నయ్య.

“అనుకుని ఉంటారు.”

“పదకొండేళ్ళ నుంచి తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి నా మొహం ఎలా చూశావు?”

“చూడలేకపోయాను. మూడేళ్ళు మీకు అన్నం పెట్టి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఒక్కడే తమ్ముడండీ నాకు. తర్వాత తర్వాత ఏడుపు తగ్గింది. రాసిపెట్టి ఉంది అని ఆ రోజు అన్నది నేను నమ్మి కాదు. మీరు ఏమైపోతారోనని భయమేసి అన్నాను. మీరు దాన్ని అంత గట్టిగా పట్టుకుంటే ఎలా లాక్కోను? ఉంచుకోనీలే అనుకున్నాను. ఇప్పుడు అదే మిమ్మల్ని చంపుతోంది. తప్పు మీదే. ఆ తప్పుతోనే ఇంటికి రండి. తమ్ముడు పోయాడు, మీరూ పోతే నాకెవరున్నారు?”

లిఫ్టన్నయ్య రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపు వేరు. చేసినవాడిదే బాధ్యత అని నేను కుండబద్దలు కొట్టినట్టు చెప్పిన ప్రతిసారీ, పదకొండేళ్ళుగా, ఆ మనిషికి వినపడింది నువ్వే చంపావు అని. అది నేను నవ్వుతూ చెప్పాను, అచ్చు వేసి పంచాను. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఎవరి ముందు చెబుతున్నానో ఒక్కసారైనా చూసి ఉండాల్సింది.

మాస్టారే ముందు తేరుకున్నారు. “అయిదూ నలభై అయింది” అన్నారు. వదిన భర్త చెయ్యి పట్టుకుని లేపింది. కింద నా దుకాణం ఫోను నుంచి లిఫ్టన్నయ్యే స్వయంగా మాట్లాడాడు. “మంగళవారం వస్తానండీ” అని రెండుసార్లు చెప్పాడు. ఆ నెల చర్చాపత్రం నేను వెయ్యలేదు. రాసుకున్న కాగితాలు చించి పారేశాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగు నెలల తర్వాత మళ్ళీ ఆదివారాలకి రావడం మొదలుపెట్టాడు, ఈసారి వదినని కూడా వెంటబెట్టుకుని. మధ్యలో ఒకరోజు ఇద్దరూ కలిసి ఆ వాచ్‌మన్‌ని వెతుక్కుంటూ వెళ్ళారట. అతను వేరే పేటలో కూరగాయల బండి పెట్టుకున్నాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. వదినకి మా కథలు ఒక్కటీ నచ్చవు. “ఇన్ని నక్షత్రాలు తిరిగి వీళ్ళు తేల్చిందేంటి?” అని అడుగుతుంది, మాస్టారు స్టాప్లరు పక్కవాళ్ళకి అందించేస్తారు. లిఫ్టన్నయ్య ఇప్పుడు తలరాత ఊసెత్తడు. అలాగని దండం పెట్టుకోవడం మానలేదు, ఇదివరకటి కన్నా ఎక్కువసేపు కళ్ళు మూసుకుంటున్నాడు.

నాకు నోరు ఊరుకోదుగా. మొన్నొకరోజు పుస్తకం బైండింగుకి ఇవ్వడానికి వస్తే, ఈసారి నెమ్మదిగానే అడిగాను. “అన్నయ్యా, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. రాసిపెట్టి లేదని ఒప్పుకున్నాక ఇంకా ఏం మొక్కుతున్నావు?”

“ఇదివరకు అంతా నీ ఇష్టం అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు క్షమించమని అడుగుతున్నాను” అన్నాడు.

“క్షమించాడా?”

ఆయన వీధిలోకి చూశాడు. వదిన అవతల పండ్ల కొట్టు దగ్గర నిలబడి ఈయన కోసం ఎదురుచూస్తోంది.

“ఆవిడ క్షమించిందమ్మా” అన్నాడు. “ఆయన సంగతి ఇంకా తెలీదు.”