రంగూన్ పిల్ల ఎంగిలి

జపాన్ వాడు బాంబులు వేస్తాడని చెన్నపట్నం సగం ఖాళీ అయిన ఆ ఎండాకాలం, తిరువాలంగాడు పక్కనున్న మా పల్లెలో ఏ వసారాలో చూసినా పట్నం పెట్టెలే. మా ముందు గదుల్లో ఒక వకీలు కుటుంబం దిగింది. వాళ్ళకి మా అత్త పొద్దున్నే కాఫీ, రాత్రికి పాలు, పడుకోవడానికి దోమతెర. "అయ్యో పావం, ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి పరిగెత్తి వచ్చినారు" అని ఊరందరికీ చెప్పుకుని కళ్ళు తుడుచుకునేది. చెన్నపట్నంలో రైలెక్కి మా స్టేషన్లో దిగినవాళ్ళ మీద అంత జాలి.

ఆ జాలంతా మా బావ వచ్చిన రోజు ఏ గంగలో కలిసిందో నాకిప్పటికీ తెలియదు.

బావ అంటే నా మొగుడికి అన్న. పడుచుతనంలో ఇంట్లో పోట్లాడి రంగూన్ ఓడెక్కాడు. అక్కడ బియ్యం మిల్లులో పని చేస్తున్నాడనీ, ఒక బర్మా ఆవిణ్ణి చేసుకున్నాడనీ ఆ నోటా ఈ నోటా విన్నాం. రంగూన్ మీద బాంబులు పడ్డాక కొండలూ అడవులూ దాటుకుని నడిచి వచ్చాడు. భార్య దోవలోనే జ్వరం తగిలి పోయింది. తొమ్మిదేళ్ళ కూతురు ఆయన వేలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మొహం అచ్చం తల్లిదే అయి ఉండాలి, మా ఇంట్లో ఎవరి పోలికా లేదు. మా అత్త కొడుకుని చూసి భోరుమంది. పిల్లను చూసి ఏడుపు ఆపేసింది.

వేపాకు నీళ్ళతో తలస్నానం చేయించి బావని లోపలికి రానిచ్చారు. పిల్లకీ అదే స్నానం చేయించారు గానీ, చాప మాత్రం వసారాలో వేశారు. సత్తు పళ్ళెం ఒకటి వేరుగా పెట్టారు. మంచినీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళు. "కొన్నాళ్ళు పోనీలే" అన్నాడు నా మొగుడు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇక చూసుకోండి, ఊరి అనుమానాలు. పక్కింటి తమిళావిడ గోడ మీంచి తొంగి చూసి, "యారు ఇంద పొణ్ణు? జప్పాన్‌కారియా?" అంది. ఎవరీ పిల్ల, జపాన్ దానా అని. మర్నాటికి అది ఊరంతా పాకింది. జపాన్ వాడు పిల్లల చేత వేగు పని చేయిస్తున్నాడట, రాత్రిళ్ళు ఆ పిల్ల విమానాలకి దీపం ఊపుతుందట. మా పిల్ల చీకటి పడితే చాపలోంచి కదిలేది కాదు, దీపం ఎక్కడ ఊపుతుంది నా మొహం! ఇదే పక్కింటావిడ కాలువ నీళ్ళ దగ్గర తగాదా వచ్చినప్పుడల్లా మమ్మల్ని "వడుగర్లు, వచ్చిన దోవనే పోండి" అని తిట్టేది. వడుగర్ అంటే తెలుగువాళ్ళు, ఉత్తరం నుంచి వచ్చినవాళ్ళు. అప్పుడు మా అత్త కొంగు బిగించి, "రాయల కాలంలో వచ్చినోళ్ళం మే! ఈ నేల మాది కాదంటావా?" అని లేచేది. ఇప్పుడు గోడకి చెరోవైపూ నిలబడి ఇద్దరూ గుసగుసలు. వాళ్ళిద్దరూ అంత చనువుగా మాట్లాడుకోవడం నేను కాపురానికి వచ్చాక అదే మొదటిసారి చూడటం.

అనుమానం నాకూ తక్కువేం కాదు. పాలల్లో వేలు ముంచి చూడనిదే తీసుకునే రకాన్ని కాదు. ఆ పిల్ల తల కింద ఒక మూట పెట్టుకుని పడుకునేది. అందులో ఏముందోనని నాకు ప్రాణం కొట్టుకునేది. ఒకరోజు తనే విప్పింది. ఒక లుంగీ, కొయ్య దువ్వెన, జానెడు కట్టె ముక్క. అంతే. పెరట్లో గంధం తీసే సాన మీద నీళ్ళు చల్లి ఆ కట్టె బెరడు అరగదీసి, వచ్చిన ముద్దని రెండు బుగ్గలకీ పూసుకుంది. వాళ్ళమ్మ రోజూ అట్లా పూసేదట. దాని పేరేదో చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు.

ఇంకొక అలవాటు ఉండేది దానికి. మురుకుల పళ్ళెం ఇచ్చి "అవ్వకి ఇచ్చి రాపో" అంటే, తీసుకెళ్ళి వసారాలో కూర్చున్న అత్త ముందు నిలబడి, ఒక ముక్క విరిచి తన నోట్లో వేసుకుని నమిలి, నోరు తెరిచి నాలుక చూపించి, అప్పుడు పళ్ళెం చాచేది. మొదటిసారి మా అత్తకి తల తిరిగింది. "ఎంగిలి! పెద్దోళ్ళకి ఎంగిలి పెడుతుందే! వెక్కిరిస్తుందే!" అని పళ్ళెం విసిరికొట్టింది. ఎన్నిసార్లు చెప్పినా పిల్ల మానలేదు. ఇంత పొగరేమిటే నీకని నాకూ ఒళ్ళు మండింది.

సాయంత్రాలు బావ వసారాలో కూర్చుని వకీలుకి దోవ సంగతులు చెప్పేవాడు. "ఆడ మనల్ని కలా అంటారయ్యా. సముద్రం అవతల నుంచి వచ్చినోళ్ళని. వచ్చినారు, మా పనులు తిన్నారు, మా ఆడోళ్ళని తీసుకున్నారు అని కత్తులు పట్టుకుని వీధిన పడినారు రెండు మూడు తూర్లు. సరే, పారిపోదామంటే, తెల్లోళ్ళకి ఒక దోవ, మనకొక దోవ. వాళ్ళ దోవలో గుడిసెలు, బియ్యం, డాక్టరు. మన దోవలో బురద." వకీలు "చీ చీ, ఏం అన్యాయం!" అని తల ఊపేవాడు. ఆయన పక్కనే పిల్ల సత్తు పళ్ళెం గోడవారన బోర్లించి ఉండేది.

అప్పటికే మా అత్త ఒక నిశ్చయానికి వచ్చేసింది. పొన్నేరి వైపు బావకి ఒక సంబంధం చూసింది. వాళ్ళు పిల్ల ఇంట్లో ఉండకూడదన్నారు. చెన్నపట్నంలో తెల్ల సన్యాసినులు నడిపే అనాథల ఇల్లు ఉందనీ, శుక్రవారం బండి కట్టి స్టేషన్‌కి తీసుకుపోదామనీ అంది. బావ తల వంచుకుని విన్నాడు. అంత అడవి నడిచి వచ్చిన మనిషికి అమ్మ ముందు నోరు పెగలకపోవడం చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

శుక్రవారం ఇంకా రాకముందే అత్తకి కడుపునొప్పి, వాంతులు పట్టుకున్నాయి. ముందురోజు పనసతొనలు గంపెడు తిన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. మా పక్కల మందు పెట్టడం అని ఒకటుంది. మనిషిని లొంగదీసుకోవడానికి తిండిలో తెలియకుండా ఏదో కలిపి పెడతారని నమ్మకం. దాన్ని కక్కించేవాడు తిరుత్తణి కొండ కింద ఒకడుండేవాడు. అత్తని నేనే తీసుకెళ్ళాను. వాడు ఆమె పొట్ట మీద నోరు పెట్టి పీల్చి, వెంట్రుకల ఉండ లాంటిది ఒకటి ఉమ్మాడు. అది ముందే దవడలో దాచుకున్నాడని నా అనుమానం. మా వెనక కూర్చున్న వాళ్ళెవరో రంగూన్ పిల్ల మాట వాడి చెవిన వేయడం కూడా నేను చూశాను. "నీళ్ళు దాటి వచ్చిన చెయ్యి" అన్నాడు వాడు. ఇంకేముంది!

ఇంటికి వచ్చేసరికి పిల్ల పెరట్లో సాన ముందు కూర్చుని ఉంది. రాతి మీద తడి ముద్ద. మా అత్త జుట్టు విరబోసుకుని దాని మీద విరుచుకుపడింది. "ఏమి అరగదీసి పెట్టినావే నాకు? మీ అమ్మ నా కొడుక్కి మందు పెట్టె, నువ్వు నాకు పెట్టినావు. చెప్పు!" బావ పరిగెత్తుకొచ్చాడు. వకీలు ఇల్లంతా కిటికీల్లో.

పిల్ల వాళ్ళ నాయన వంక చూసింది. ఆయన నేల చూశాడు. అది రెండు చేతులతో సాన ఎత్తి పట్టుకుని, రాయి మీద ముద్దంతా నాకేసింది. మింగి, నోరు తెరిచి, నాలుక చాపి మా అత్తకి చూపించింది.

రోజూ మురుకులిచ్చేటప్పుడు చేసేది ఇదేనని అప్పుడు తట్టింది నాకు. "ఎవురు నేర్పినారే నీకు ఇట్లా చెయ్యను?" అన్నాను.

"ఎవురూ నేర్పల్యా, చిన్నమ్మా. ఆడ నాయన చేస్తాండె. అమ్మోళ్ళ ఇంటికి ఏమి తీస్కపోయినా మొదుట నాయన తినాల. కలావోడు మందు పెట్టి మా బిడ్డని తీస్కపొయ్యినాడు అంటారు ఆళ్ళు. నాయన తిని నాలిక చూపిస్తే అప్పుడు తింటారు." మళ్ళీ తనే అడిగింది. "ఆడ నాయన తినాల. ఈడ నేను తినాల. అంతే కదా?"

బావ పెద్దగా ఏడ్చాడు. వచ్చాక ఆయన ఏడవడం అదే మొదలు. "అమ్మా, ఇది పోతే నేనూ పోతా. ఈసారి తిరిగి రాను" అన్నాడు. నేనూ ఊరుకోలేదు. "అత్తా, ఆ బండిలో నాకూ చోటు పెట్టించు" అన్నాను. మా అత్త విరబోసుకున్న జుట్టు ముడేసుకుని, పిల్లతో, "సాన కడిగి తీసకపోయి దేవుడి అరలో పెట్టు" అంది. దేవుడి అర ఇంటి మధ్యలో ఉంది. పిల్ల గడప దాటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. శుక్రవారం బండి ఎవరూ కట్టలేదు.

అంతటితో మా అత్త మంచిదైపోయిందని మాత్రం అనుకోకండి. పొన్నేరి సంబంధం పోయిందని ఏడాది పాటు సణిగింది. పిల్ల చేతి వంట ముట్టడానికి ఇంకా చాలాకాలం పట్టింది. చివరికి మంచాన పడ్డాక దాని చేతి ముద్ద తప్ప ఇంకెవరి ముద్దా మింగేది కాదు. అప్పుడు కూడా ఈ పిల్ల మొదటి ముద్ద తను తినేది. "చాల్లేమే, నేను అడిగినానా?" అని మా అత్త విసుక్కునేది. "అడగలేదు లే అవ్వా" అనేది, తింటూనే.

ఆ పిల్లని ఇదే ఊళ్ళో ఇచ్చాం. దాని మొహం ఎవరికీ వింత కాకుండా పోయింది. జపాన్ వేగు కథ చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు కూడా. మొన్న వాళ్ళింటికి వెళితే దాని మనవరాలు, ఇంతెత్తు కూడా లేదు, బొరుగుల ఉండ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఒక ముక్క కొరికి, నమిలి, నోరు తెరిచి నాలుక చూపించి, అప్పుడు ఉండని నా చేతిలో పెట్టింది.

ఉండ చేతిలో పట్టుకునే అడిగాను. "ఎందుకే అట్లా చేసినావు?"

"పెద్దోళ్ళకి ఇచ్చేటప్పుడు అట్లనే ఇయ్యాల. అది మర్యాద" అంది ఆ పిల్ల, నాకు తెలియదనుకుని.