లక్క సీళ్ళు మోసిన చక్రాల పెట్టె

కిరందుల్ ఇనుప గని ప్రయోగశాలలో పనిచేసిన రోజుల్లో నెలకు రెండుసార్లు రైల్లో విశాఖపట్నం వెళ్ళిరావడం నా ఉద్యోగంలో భాగం. గనిలోంచి వచ్చిన ఖనిజాన్ని పొడిచేసి, అందులో ఇనుము ఎంతుందో మేం రాసేవాళ్ళం. అదే పొడిని కొంత పొట్లాలు కట్టి, లక్కతో సీలు వేసి, రేవులోని ప్రయోగశాలకు స్వయంగా అందించే పని నాది. వాళ్ళకొచ్చిన అంకె, మాకొచ్చిన అంకె కలవాలి. పొట్లాలు చూడటానికి చిన్నవే. కానీ ఇనుపరాయి పొడి కదా, సంచీలో వేసి తగిలించుకుంటే భుజం దిగిపోయేది. అందుకని టౌన్‌షిప్ సంతలో ఒక నీలం చక్రాల పెట్టె కొన్నాను.

మూడో ప్రయాణంలోనే విశాఖ స్టేషన్ మెట్ల దగ్గర దాని చక్రం ఊడింది. పెట్టె చేయి జారి కింది మెట్టుదాకా దొర్లింది. తెరిచి చూస్తే రెండు పొట్లాల లక్క పగిలి ఉంది. ఉన్నదున్నట్టు రేవులో చెప్పి, పొట్లాలు ఇచ్చి వచ్చేశాను. పది రోజులకు వాళ్ళ కాగితం వచ్చింది. మేం రాసినదానికంటే ఇనుము ఎక్కువ చూపించింది, అన్ని పొట్లాల్లోనూ.

మా పై అధికారి నన్ను గదిలోకి పిలిచాడు.

"దారిలో ఏం జరిగింది?"

"చెప్పాను కదా సార్. చక్రం ఊడింది."

"చక్రం ఊడితే ఇనుము పెరుగుతుందా?"

సరుకు మేలైనదని చూపించడానికి నేనో, నాతో కుమ్మక్కైన ఇంకెవరో మంచిరకం పొడి కలిపారని ఆయన అనుమానం. నోటితో అనలేదు, ఫైల్లో రాసి పెట్టాడు. ఇక మీదట ఒక్క సీలు చెదిరినా సంజాయిషీ ఇవ్వాలన్నాడు. మర్నాటి నుంచి నేను ప్రయోగశాలలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. నాకూ అందరిమీదా అనుమానం పట్టుకుంది. సామాను దించిన కూలీ, పక్క సీటు ప్రయాణికుడు, సీలు వేసేటప్పుడు నా పక్కన నిలబడ్డ తోటి ఉద్యోగి, ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకుని విచారించేదాన్ని.

మా ప్రయోగశాలకు ఖనిజం తెచ్చిచ్చే వాళ్ళలో ఒక ఫిట్టర్ మేస్త్రి ఉండేవాడు. తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు భోపాల్‌పట్నం పక్క పల్లెవాడు. ఖనిజం మోసుకొచ్చే బెల్టు కింద వందల కొద్దీ రోలర్లు తిరుగుతుంటాయి, వాటిని మార్చడం ఆయన పని. నా సంగతి విని, "ఆ నీలం పెట్టె నేను సూసిన్నమ్మా, అది ఊడక ఏంజేస్తది? ఆదివారం జగదల్‌పూర్ పోదాం, మంచిది సూపెడ్త" అన్నాడు.

బస్సులో వెళ్ళాం. ఆయన నేరుగా ఒక దుకాణానికి తీసుకుపోయాడు. దుకాణదారు ఎదురొచ్చి, "ఆవో చాచా" అంటూ కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నాకు అక్కడే మనసులో ముల్లు గుచ్చుకుంది.

మేస్త్రి పెట్టెల్ని తలకిందులు చేసి చూడసాగాడు. వేలితో చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "చక్రం గాదమ్మా, ఇరుసు సూడాలె. దీన్ని ప్లాస్టిక్కుల దిగ్గొట్టిండ్రు. ఇరిగిందంటే పెట్టె మొత్తం పారెయ్యాల్సిందె. బోల్టు ఉన్నది తీస్కుంటే చక్రం ఒక్కటే మార్సుకోవచ్చు." నాలుగు చక్రాలవి వద్దన్నాడు. రైలు ఊగితే పెట్టె దానంతటదే పోతుందట. పిడి పూర్తిగా పైకి లాగి ఊపి, గలగలమన్నవాటిని పక్కన పెట్టాడు.

ఆ తర్వాత నా బాల్‌పెన్ అడిగి తీసుకున్నాడు. తాళం వేసి ఉన్న ఒక పెట్టె జిప్పు పళ్ళ మధ్య దాని మొన గుచ్చితే జిప్పు నోరు తెరుచుకుంది. తాళంతో సహా జిప్పు కొనను అటూ ఇటూ లాగేసరికి మళ్ళీ మూసుకుంది. చిన్న గీత కూడా పడలేదు.

అంటే నా నీలం పెట్టెను కూడా ఎవరైనా ఇలాగే తెరిచి మూసి ఉండొచ్చు.

"అందుకే జిప్పు లేనిది తీస్కోండ్రి" అని, నల్లటి పెట్టె ఒకటి ముందుకు జరిపాడు. అంచు చుట్టూ అల్యూమినియం చట్రం, రెండు కొక్కేలు, వెనక రెండు పెద్ద రబ్బరు చక్రాలు. చూడటానికి అంత బాగాలేదు. దుకాణదారు, "క్యాబిన్ సైజు మేడమ్, విమానంలో భీ చలేగా" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంకో దుకాణం చూసొస్తానని బయటికి నడిచాను. మేస్త్రి వెనకాలే వచ్చాడు.

"నిజం చెప్పండి మేస్త్రీ, ఇందులో మీకెంత వస్తుంది?"

ఆయన అక్కడే ఆగిపోయాడు. "ఏందమ్మా గట్లంటరు?" అని బస్‌స్టాండు వైపు వెళ్ళిపోయాడు.

నేనొక్కదాన్నే మూడు దుకాణాలు తిరిగాను. ప్రతిచోటా పెన్ను గుచ్చాను. ప్రతి జిప్పూ తెరుచుకుంది. మూడోచోట, "ఖరీదనా హై యా తోడ్‌నా హై?" కొంటారా, విరగ్గొడతారా అని కేకలేసి పంపేశారు. తిరిగి మొదటి దుకాణానికే వచ్చి నల్ల పెట్టె కొన్నాను. దుకాణదారు తాళంచెవులిస్తూ, మేస్త్రి ఒక వానాకాలం తన షట్టర్ బాగుచేశాడనీ, ఎంత బతిమాలినా పైసా తీసుకోలేదనీ హిందీలో చెప్పాడు.

ఇంకా కదలని తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చుని, "తప్పుగా అన్నాను మేస్త్రీ" అన్నాను.

కిటికీలోంచి చూస్తూనే చెప్పాడు. "మీ మీద అనుమానం పడ్డరని మీకు దుఃఖమాయె. మీరేమో నా మీద పడితిరి."

తర్వాతి ప్రయాణంలో పెట్టెను మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. గొలుసుతో సీటుకు కట్టాను. అరకు వచ్చేదాకా లేవలేదు. ఎదుటి సీటావిడ చాలాసేపు చూసి అడిగింది.

"అందులో ఏటుందమ్మా?"

"మట్టి."

"మట్టికి తాళమా?" అంటూ తన బుట్టను దగ్గరకు లాక్కుంది.

ఎనిమిది పొట్లాల సీళ్ళూ చెక్కుచెదరకుండా చేరాయి. రేవులో అలాగని సంతకం పెట్టించుకున్నాను. పది రోజులకు కాగితం వచ్చింది. మళ్ళీ ఇనుము ఎక్కువే, మునుపటంతే తేడా. అధికారి దాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

దారిలో ఏమీ జరగలేదంటే బయలుదేరకముందే జరిగిందన్నమాట. పరీక్షకు ముందు పొడిని పొయ్యిపెట్టెలో, అంటే ఓవెన్‌లో, నూటఅయిదు డిగ్రీల దగ్గర ఆరబెడతాం. పవర్ హౌస్ నుంచి మరో థర్మామీటర్ అడిగి తెచ్చి, మా దాని పక్కన పెట్టాను. మాది నూటఅయిదు డిగ్రీలు చూపిస్తుంటే, అది తొంభై కూడా దాటలేదు. పొడిలో తేమ మిగిలి, ఆ బరువు కూడా కలిసి, మా లెక్కలో ఇనుము తగ్గుతోంది. రేవులో పూర్తిగా ఆరబెట్టి తూస్తారు కాబట్టి వాళ్ళకు ఎక్కువ వస్తోంది. ఆ థర్మామీటర్ రోజూ ఉదయం చూసి రాసింది నేనే. ఊరందరినీ అనుమానించాను గానీ దాన్ని ఒక్కరోజూ అనుమానించలేదు.

అధికారి నేను చెప్పింది విని, "కొత్తది తెప్పించండి" అన్నాడు. అంతే. ఫైల్లో నా మీద రాసిన కాగితం మాత్రం తీసెయ్యలేదు.

ఆ పెట్టె చాలాకాలం పనిచేసింది. ఒక వానాకాలం చివర చక్రాల రబ్బరు అరిగిపోతే, ఎలా అడగాలా అని రెండు రోజులు ఆలోచించి మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్ళాను. పాత బెల్టు ముక్క కోసి, చక్రాలకు సరిపోయేలా చెక్కాడు. బోల్టులు మాత్రం బిగించలేదు. స్పానర్ నా చేతికిచ్చాడు.

"మీరే బిగించుకోండ్రి మేడమ్. మళ్ల నేనేదో జేసిన్నంటరు."

నేల మీద కూర్చుని బిగించాను. ఒకటి వంకరగా పట్టింది. ఆయన వంగి చూసి, "ఇప్పండ్రి, మళ్ల ఎక్కియ్యాలె" అన్నాడు.