చెప్పి పోయే చప్పుడు

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని వీధంతా డిస్కుల డాక్టరంటుంది. పాత హార్డ్ డిస్కు ఏది వచ్చినా స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. లోపలి పళ్లెం తిరిగే చప్పుడును బట్టి దాని ఆయువు చెబుతాడు. ఆ రోజు బట్టలు కుట్టే ఆవిడ తెచ్చిన కంప్యూటర్లో డిస్కు టకటకమంటోంది. చనిపోయిన వాళ్లక్క పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. "ఇది సాయంత్రం దాకా ఆగదమ్మా" అని ఆయన భోజనం కూడా మానేసి, పాటలన్నీ ఎస్‌ఎస్‌డీలోకి, అంటే లోపల తిరిగేదేదీ లేని కొత్తరకం డిస్కులోకి, ఎక్కించాడు. చివరి పాట ఎక్కిన కాసేపటికే పాతది ఆగిపోయింది. కొత్తది బిగించగానే కంప్యూటర్ చిటికెలో తెరుచుకుంది.

"ఇదివరకు మీట నొక్కి, టీ పెట్టుకుని వచ్చేదాన్ని. ఇప్పుడు పాలు కూడా కాగవు కదన్నా!" అని ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆయన అలవాటుకొద్దీ స్క్రూడ్రైవర్‌ను కొత్తదానికి ఆనించాడు.

"ఏమంటోంది?"

"ఏమీ అనదు తల్లీ. పాతవి మూలిగి మూలిగి, మనకు చెప్పి మరీ పోయేవి. ఇది చెప్పాపెట్టకుండా పోయే రకం."

ఆయన తన సొంత కంప్యూటర్లోంచి పాత డిస్కు విప్పి, పాటలు అందులోకి కూడా ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టాడు.

"నెలకోసారి దీన్ని పట్టుకురామ్మా, విని చెబుతా."