ఒక ఛాయ ముదురు

ఆ ఇంటికి వీధి తలుపు ఒకటే, కోడళ్ళు మాత్రం ఇద్దరు. పెద్దామె ముందుగదిలో మిషను కుడుతుంది, చిన్నామె బడిలో లెక్కలు చెబుతుంది. పదకొండేళ్ళుగా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. తలుపుకు రంగు వేయించాల్సి వచ్చినప్పుడు చిన్నామె మీగడ రంగు అన్నది. కనుక పెద్దామె ముదురు రంగు అన్నది. మామగారు పెద్దరికాన్ని గౌరవించి పెద్దామె పక్షాన తీర్పిచ్చి, ఆత్మరక్షణార్థం దొడ్లోకి వెళ్ళిపోయారు.

దర్జీకి రంగులు ఎంచడం ఇంకొకరు నేర్పాలా? షేడు కార్డును గడప దగ్గర వెలుతురులో పట్టి, తనకు కావలసిన ఆకుపచ్చను ఇట్టే పోల్చుకుంది. దారం కుట్టులో పడితే లేతగా కనిపిస్తుందని, గుడ్డకన్నా ఒక ఛాయ ముదురుది తీసుకోవడం ఆమెకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆ శాస్త్రం ప్రకారమే తలుపుక్కూడా ఒక ఛాయ ముదురుది తెప్పించింది. తలుపు దారం కాదన్న సంగతి మొదటి పూత ఆరాక తెలిసింది. ఆకుపచ్చ జాడ లేదు, తలుపు కాటుక పూసినట్టు నిలబడింది.

చిన్నామె బడినుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే చూసింది.

"బాగుందక్కా. ఇంట్లో ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదమ్మా. నువ్విప్పుడేగా వచ్చావు."

"నిజం చెప్పు, నువ్వనుకున్న రంగు ఇదేనా?"

పెద్దామె నోరు తెరిచేలోగా పెయింటరు అడ్డొచ్చాడు, పాపం మంచివాడు. "రెండో కోటుకు కాస్త లేత రంగు తెమ్మంటారా అమ్మా? ఇంకా చేయి దాటిపోలేదు."

"ఎందుకూ? ఇదే వెయ్యి" అన్నది పెద్దామె, తలుపు వైపు చూడకుండా. "లోపలివైపు కూడా."